పీనుగు లేని శంఖం

మా ఇంటి గూట్లో ఒక శంఖం ఉంది. పక్కింటి వాళ్ళు దాన్ని ముట్టుకోరు. పండగకి ఇల్లు కడిగేటప్పుడు మా అక్క కూతురు కూడా చీపురు ఆనించి నిలబడి, "పిన్నమ్మా, దాన్ని నువ్వే తీసి పక్కన పెట్టు" అంటుంది. మంచి శంఖం. పాల రంగు, లోపల లేత గులాబీ. రామేశ్వరం నుంచి వచ్చింది. దాని తప్పేమీ లేదు.

నాకు చదువు లేదు. సంతకం పెడతాను, బస్సు మీద తిరుపతి అని రాసి ఉంటే గుర్తుపడతాను, అంతవరకే. నేను చెబుతుంటే మా అక్క కూతురే ఇది రాస్తోంది. ఊదుడు వాయిద్యాలతో, శబ్దంతో మనుషులకి నిమ్మళం కలిగించే పని నేర్చుకుంటామని ఈ మధ్య కొందరు పిల్లలు నా దగ్గరికి వచ్చిపోయారు. ఎలా ఊదాలో అడిగారు. చెప్పాను. ఎప్పుడు ఆపాలో ఎవరూ అడగలేదు. అడిగినా నాకు తెలుసో లేదో. నేను ఆపకుండా ఊదిన ఒక రోజు గురించి, అందువల్ల పోయిన ఉద్యోగం గురించి చెబుతాను. అందులో మీకు పనికొచ్చేది ఉంటే తీసుకోండి.

మాది మేళం ఇల్లు. మా నాయన సన్నాయి వాయించేవాడు. నన్ను కట్టుకున్నాయనదీ అదే పని. ఆడపిల్ల సన్నాయి పట్టకూడదని నాయన రాగం నేర్పలేదు గానీ, ఇంట్లో సాధకానికి సుతి పట్టే మనిషి లేక నా చేతికి సుతి సన్నాయి ఇచ్చాడు. దానికి రాగం లేదు, ఒకటే స్వరం. కచేరీ మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా ఆ స్వరం తెగకూడదు. నోట్లో దాచుకున్న గాలిని బుగ్గలతో తోస్తూ, అదే వేళకి ముక్కుతో కొత్త గాలి తీసుకోవాలి. పెళ్ళయ్యాక మా ఆయనకి కూడా ఇంట్లో నేనే సుతి. ఆయన రాగం పట్టుకుని ఎక్కడెక్కడికో పోయి వచ్చేవాడు. "నువ్వు గుంజవే. నేను గొడ్డును. యాడ మేసినా నీ కాడికే రావాల" అనేవాడు. నన్ను అంతకంటే పెద్దగా ఎప్పుడూ మెచ్చుకోలేదు.

పెళ్ళిళ్ళలో మేళం తగ్గి సౌండు పెట్టెల్లో పాటలు వచ్చాక, తిరుపతి నుంచి పూతలపట్టు పోయే రోడ్డులో ఒక ప్రకృతి చికిత్సాలయం వాళ్ళు మమ్మల్ని పిలిచారు. నిద్ర పట్టనివాళ్ళు, ఆయాసం ఉన్నవాళ్ళు, ఉద్యోగాల్లో నలిగినవాళ్ళు అక్కడికి వస్తారు. చెన్నై, బెంగళూరు, హైదరాబాదు వాళ్ళే ఎక్కువ. వాళ్ళకి ఊపిరి నేర్పాలి. మా ఆయన సన్నాయి వాయిస్తూ నేర్పేవాడు, నేను సుతి పట్టేదాన్ని. నా గొంతు కర్ర కోసినట్టు ఉంటుంది కాబట్టి, "మీరు మాట్లాడొద్దమ్మా, ఊదితే చాలు" అని మొదటి రోజే మర్యాదగా చెప్పేశారు.

మేం నేర్పింది బ్రహ్మవిద్యేమీ కాదు. చెంబు నిండా నీళ్ళు పోసి, చేతికి బొప్పాయి ఆకు కాడ ఇచ్చేవాళ్ళం. బోలు కాడ. ఊదితే నీళ్ళలో బుడగలు లేస్తాయి. ఆ బుడగలు ఆగకూడదు. పెద్ద పెద్ద ఆఫీసర్లు చెంబు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని బుగ్గలు ఉబ్బించేవాళ్ళు. ఒకాయన నీళ్ళన్నీ మొహాన చల్లుకుని, "అమ్మా, మా ఆఫీసులో కూడా నన్ను ఇంత ఏడిపించలేదు" అన్నాడు. నాలుగు రోజులు పోయేసరికి ఆయనే మధ్యాహ్నం కుర్చీలో గుర్రు పెట్టాడు. ఊపిరి తెగకుండా చూసుకునే పనిలో పడితే మనసుకి వేరే దిక్కు పోయే తీరిక ఉండదు. నాకు తెలిసిన మహిమ అంతే. మిగతాదంతా వాళ్ళ కరపత్రంలో ఉండేది.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు మా ఆయన పోయాడు. ఊపిరి మీద బతికిన మనిషి ఊపిరి చాలక పోయాడు. మేళం చావుకి వాయించరు. కానీ మా ఇళ్ళలో ఒక మేళగాడు పోతే మాత్రం తోటి మేళగాళ్ళు వచ్చి, వీధి చివరిదాకా సన్నాయి, డోలు వాయించి సాగనంపుతారు. ఆయనకి ఎవరూ రాలేదు. రానివ్వలేదు. ఆసుపత్రి వెనక గేటు దగ్గర నన్ను దూరంగా నిలబడమన్నారు. మూటలు వేసుకున్న బండి నా ముందునుంచే పోయింది. అందులో ఏ మూట ఆయనో నాకు తెలియలేదు. ఆ బండి కూత కూడా పెట్టలేదు. లోపల ఉన్నవాళ్ళకి తొందర లేదు కదా.

కొన్ని నెలలకి చికిత్సాలయం మళ్ళీ తెరిచి నాకు కబురు పెట్టారు. వెళ్ళాను. ఇంట్లో కూర్చుంటే తెగని సుతి ఒకటి చెవిలో మోగుతూనే ఉండేది, దాని మీద రాగం లేకుండా.

అప్పటికి కొత్త డాక్టరు వచ్చాడు. గుంటూరు వైపు మనిషి, మెత్తని మాట, చిన్న వయసు. తలుపులు మూసిన హాల్లో సన్నాయి చెవులు బద్దలు కొడుతుందని, సాయంత్రం విశ్రాంతి వేళకి శంఖం, జేగంట పెట్టించాడు. చికిత్సాలయం పెద్దల్లో ఒకరి భార్య రామేశ్వరం నుంచి శంఖం తెచ్చింది. పొద్దున పూజగదిలో దేవుడి ముందు, సాయంత్రం హాల్లో మనుషుల ముందు నేనే ఊదాలి. మొగుడు పోయినామె పూజలో ఊదడమేమిటని ఎవరో గొణిగితే, ఆవిడే కోప్పడింది. "శబ్దానికి బొట్టుంటుందా?" అంది. ఆ మాటకి నేను లోపల దండం పెట్టుకున్నాను.

సాయంత్రం ఎలా ఉండేదంటే, చాపల మీద అందరూ వరుసగా వెల్లకిలా పడుకునేవాళ్ళు. కళ్ళు మూసుకుని, మెడదాకా తెల్ల దుప్పటి కప్పుకుని. ఏసీ గాలి మొహాన కొట్టకుండా తలలు దక్షిణం వైపు. నేను శంఖం ఊదుతూ ఆ వరుసల మధ్య మెల్లగా నడవాలి. వెనక మాలీషు చేసే ఆమె జేగంట కొడుతూ రావాలి. ఆమెది చంద్రగిరి దగ్గర పల్లె, నా ఈడుదే. మొదటి రోజు ఆ వరుసలు చూసి నా చెవిలో, "ఏమ్మే, ఇంగ బొరుగులు సల్లేదొకటే తక్కవ. ఒడి నిండా తెచ్చేదా?" అంది. నవ్వు ఆపుకోలేక నా శంఖం పిల్లిలా కూసింది.

మా వైపు వాళ్ళకి చెప్పనక్కరలేదు. ఎవరైనా పోతే పాడె ముందు దాసరి నడుస్తాడు, శంఖం ఊదుతూ, జేగంట కొడుతూ. వెనక బొరుగులు, అదే మరమరాలు, చల్లుతూ పోతారు. వీధిలో ఆ రెండు శబ్దాలు కలిసి వినబడితే, అన్నం తింటున్నవాళ్ళు కూడా లేచి తలుపు దగ్గరకి వస్తారు. డాక్టరుకి ఆ మాట చెప్పాను. ఆయన ఇబ్బందిగా నవ్వాడు.

"మా వైపు శంఖం అంటే గుడేనమ్మా. అయినా ఇక్కడికి వచ్చేదంతా బయటివాళ్ళే కదా. వాళ్ళకి హాయిగా నిద్రపడుతోంది."

అదీ నిజమే. మా పల్లెల వాళ్ళు పడుకోవడం నేర్చుకోవడానికి ఎక్కడికీ పోరు. అందుకని నేనూ ఊరుకున్నాను.

తర్వాత ఒకామె వచ్చింది. తమ్ముడు ఆటోలో తీసుకొచ్చాడు. పూతలపట్టు దాటి లోపలికి పోతే వాళ్ళ ఊరు. చెరుకు తోట, సొంత బెల్లం గానుగ ఉన్న రైతు కుటుంబం. ఆమె భర్త కూడా మా ఆయన పోయిన కాలంలోనే, అలాగే మూటలో పోయాడు. ఏడాది దాటింది. అప్పటినుంచి ఆమె పడుకోదు. రాత్రంతా బెల్లం పొయ్యి దగ్గర కూర్చుంటుంది.

"మాయక్క ఏడ్సల్యా సార్" అన్నాడు తమ్ముడు డాక్టరుతో. "అదే మా బాధ. వండతాది, తింటాది, పనోళ్ళను తిడతాది. అన్నీ సేస్తాది. ఏడ్సదు, పండుకోదు."

"నామీద సాడీలు సెప్పేదానికి ఇంత దూరం తోలకొచ్చినావా?" అంది ఆమె. "ఆటో వాడు నవ్వతాండాడు సూడు."

చెంబు, కాడ ఇస్తే ఎవరూ చేయనంత బాగా చేసింది. పొయ్యి ఊదిన నోరు కదా. బుడగలు ఆగేవి కావు. కానీ నిద్ర రాలేదు. ఊదుతూ ఊదుతూ ఒకరోజు కాడ తీసి అడిగింది.

"ఏమ్మే మేళమామె, మీ ఇంటాయన గూడా ఆ కాలంలోనే పోయినాడంట గదా?"

"అవునక్కా."

"ఎవురన్నా ఊదినారా?"

"ఎవురూ రాలేదక్కా."

"మాకూ అంతే. ఊర్లో కుక్క సచ్చినా పిల్లోళ్ళు డబ్బా కొట్టి పూడస్తారు. ఆయప్ప ఉత్తగా పోయినాడు." మళ్ళీ కాడ నోట్లో పెట్టుకుంది. చెంబులో బుడగలు మళ్ళీ మొదలయ్యాయి.

సాయంత్రం వేళ ఆమెని హాల్లోకి రానివ్వకుండా చూసుకున్నాను. వంటగదిలో చింతపండు ఒలవాలనో, తోటలో కాడలు కోయాలనో ఏదో ఒక పని చెప్పేదాన్ని. ఒకనాడు డాక్టరు రౌండ్స్‌కి వెళ్ళి, అందరికంటే నిద్ర అవసరమైన మనిషి బయట చింతపండు ఒలుస్తోందేమిటని తనే చేయిపట్టి తీసుకొచ్చి పడుకోబెట్టాడు. నేను అప్పుడు పూజగదిలోంచి శంఖం తెస్తున్నాను. నాకు తెలియదు.

ఊదడం మొదలుపెట్టాను. మొదటి వరుస దాటి రెండో వరుసలో తిరిగినప్పుడు దుప్పటి కింద నుంచి రెండు పాదాలు కనబడ్డాయి. అక్కడ పడుకునేవాళ్ళ పాదాలు మెత్తగా ఉంటాయి. ఇవి చెరుకు మోళ్ళు తొక్కిన పాదాలు, మడమలు నెర్రెలిచ్చి. నా కాళ్ళు ఆగిపోయాయి. నోరు ఆగలేదు. అలవాటు.

ఆమె దుప్పటి తీసిపారేసి లేచి కూర్చుంది. నన్ను చూడలేదు. శంఖం కేసి చూసింది.

"ఇప్పుడా లేస్తా ఉండావు నా సామీ!" అంది. "ఇన్నాళ్ళు యాడుంటివి? ఇప్పుడా పోతా ఉండావు?"

ఆ అరుపుకి హాలంతా లేచింది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఒక బెంగళూరు ఆవిడ చెవులు మూసుకుని ఏడుపు మొదలుపెట్టింది. ఇంకొకాయన పాము అనుకుని చాప ఎత్తి చూస్తున్నాడు. బెల్లం ఇంటామె గుండెలు బాదుకుంటూ, మొగుణ్ణి తిడుతూ, పిలుస్తూ మోకాళ్ళ మీద ముందుకి వస్తోంది. డాక్టరు తలుపు దగ్గర చేయి ఎత్తాడు, ఆపమని. నేను చూడలేదనుకున్నాడు. చూశాను.

దాసరి శంఖం ఎత్తితే పీనుగు వీధి దాటేదాకా దించడు. మధ్యలో ఆపితే పోయేవాడు వెనక్కి తిరిగి చూస్తాడంటారు. అది నమ్మి ఊదానో, ఆమె ఏడుపు నడిమధ్యలో తెగిపోతే మళ్ళీ రాదేమోనని ఊదానో, ఇప్పటికీ చెప్పలేను. ఊదాను. వెనక చంద్రగిరి ఆమె జేగంట ఆపలేదు. నవ్వడానికి పుట్టినట్టుండే ఆ మనిషి మొహం నల్లబడి ఉంది. బెల్లం ఇంటామె లేచి మా ముందు నడిచి, హాలు దాటి, వరండా దాటి, మెట్ల మీద కూలబడేదాకా నా సుతి తెగలేదు.

ఆ రాత్రి ఆమె నిద్రపోయింది. బెంగళూరు ఆవిడ నిద్రపోలేదు. పొద్దున్నే కారు పిలిపించుకుని వెళ్ళిపోయింది.

అక్కడితో అయిపోయి ఉంటే నా ఉద్యోగం నిలిచేది. డాక్టరు మంచివాడు. "తెలియక జరిగింది, నాదే తొందర" అని పెద్దలకి సర్దిచెప్పుకున్నాడు. కానీ ఆమె పోయేటప్పుడు నా చేయి పట్టుకుంది.

"మా సేనికాడికొచ్చి ఒకసారి ఊదు మే. ఆయప్ప ఇల్లు దాటల్యా ఇంగా. నిన్న హాల్లో లేసినాడు గానీ, ఈడ కాదు గదా ఆయప్ప ఊరు."

"మీ ఊర్లో దాసరి ఉండాడు కదక్కా?"

"అడగతానే ఉండా. రానంటాడు. పీనుగు లేని శంఖం ఊదకూడదంట. ఊదితే శంఖం ఉత్తగా పోదు, ఊర్లో ఇంగొకరిని లేపుకోని పోతాదంట."

నేను వెంటనే ఒప్పుకోలేదు. మేం మంగళవాద్యం వాళ్ళం. దాసరి పని మాది కాదు. పైగా ఆ శంఖం నాది కాదు, దేవుడి ముందు ఊదేది. ఒకసారి చావుకి పోయిన శంఖం మళ్ళీ పూజగది గడప తొక్కదు. హాల్లో జరిగింది వేరు, అక్కడ ఎవరూ చావు అనుకుని ఊదలేదు. ఇది తెలిసి ఎత్తుకుపోవడం. దాన్ని ఎత్తుకుపోతే దానితోపాటు నేనూ పోయినట్టే.

కొన్నాళ్ళు ఊరుకున్నాను. పొద్దున దేవుడి ముందు ఊదుతుంటే ఆసుపత్రి వెనక గేటు కనబడేది. చివరికి డాక్టరు దగ్గరికే వెళ్ళి చెప్పాను. ఆయన రాస్తున్న పెన్నుకి మూత పెట్టాడు.

"తెచ్చాక కడిగితే సరిపోదా అమ్మా? పసుపు నీళ్ళతోనో, గంగాజలంతోనో?"

"సరిపోదు సార్. నేను కూడా ఆలోసించి సూసినాను."

"అయితే పెద్దలు ఒప్పుకోరు."

"తెలుసు సార్."

"తీసుకెళ్తే మళ్ళీ ఇక్కడికి తేవద్దు" అన్నాడు కిటికీ వైపు చూస్తూ. "నేను మాత్రం శంఖం పగిలిపోయిందని చెబుతాను. మీ గురించి ఏం చెప్పాలో నాకు తోచడం లేదు."

గేటు దగ్గర చంద్రగిరి ఆమె నన్ను ఆపింది. "పిచ్చిముండా, పనీ పాయె, పేరూ పాయె. రేపట్నించి నీ సేతి నీళ్ళు తాగే వాళ్ళుండరు."

"పేరేముండాదిలే నాకు?"

"అదీ నిజమే" అని కొంగు కింద నుంచి జేగంట తీసి నా సంచిలో వేసింది. "శంఖం ఒకటే పోతే మూగదాని పెళ్ళి మాదిరి ఉంటాది. నేను రాలేను, నాకింగా కూతురి కాన్పుండాది." అని వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి పోయింది.

పూతలపట్టులో బస్సు దిగితే ఆమె తమ్ముడు బండి మీద వచ్చి తీసుకెళ్ళాడు. చెరుకు కొట్టేసిన చేను, మధ్యలో తాటాకుల కొట్టంలో చల్లారిన బెల్లం పొయ్యి. అయినవాళ్ళు నలుగురూ దూరంగా నిలబడ్డారు, శంఖం తమ వైపు తిరగకుండా. దాసరి కూడా వచ్చాడు, ముసలాయన. గట్టు ఎక్కి కూర్చుని చూస్తున్నాడు.

పొయ్యి పక్కన కొత్త పంచె చుట్టి ఒక పొడుగాటి తెడ్డు పడుకోబెట్టి ఉంది. ఆమె భర్త పాకం కలిపిన తెడ్డు. ఆయన చేతులు పట్టుకున్న చోట కొయ్య అరిగి నున్నగా ఉంది.

"పీనుగు ల్యాకపోతే ఊదకూడదన్న్యాడు గదా" అంది ఆమె దాసరికి వినబడేలా. "ఇదిగో ఉండాది. ఇంగేం కావాల?"

 నేను శంఖం ఎత్తగానే ముసలాయన గట్టు మీద నుంచి, "అమ్మా, మొగం అట్ల పైకెత్తి ఊదేది గుళ్ళో. దీనికి నేల సూసి ఊదాల" అన్నాడు.

"నువ్వొచ్చి ఊదు మరి!" అని అరిచాడు తమ్ముడు.

"నేను రాను. సెప్తా ఉండా, అంతే."

నేల చూసి ఊదాను. అక్క ఒక కొస, తమ్ముడు ఒక కొస తెడ్డు మోశారు. కొట్టం దగ్గర నుంచి చేను అంచుదాకా నా శంఖం తెగలేదు. నడుముకి కట్టుకున్న జేగంటని ఒక చేత్తో నేనే కొట్టుకుంటూ పోయాను. అంచున చెరుకు పిప్పి మీద తెడ్డు పెట్టి నిప్పంటించారు. ఎన్నేళ్ళ పాకమో ఆ కొయ్యలో ఇంకిపోయి ఉంది. కాలేకొద్దీ బెల్లం వాసన చేనంతా పరుచుకుంది. అప్పటిదాకా దూరంగా నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే దగ్గరికి వచ్చారు. అందరూ ఏడ్చారు. ఆమె ఏడవలేదు. ఆమె ఏడుపు హాల్లోనే అయిపోయింది.

నేను శంఖం తుడిచి సంచిలో పెట్టబోతుంటే ఆమె వచ్చి నా ముందు నిలబడింది.

"సెల్లీ, మీ ఆయనకీ ఊదు. ఎట్లా ఇంగ ఇది దేవుడి కాడికి పోదు గదా."

అంతదాకా మేళమామె అన్న మనిషి. రైతుల ఇంటి ఆడది.

"ఆయనదేమీ తీసకరాలేదక్కా. ఈడ ఏముండాది ఆయనది?"

"నువ్వుండావు గదా. ఊదు."

నేర్చుకునే పిల్లలారా, మీకు చెప్పాలనుకున్నది ఇక్కడిదే. మా నాయన ముందర, మా ఆయన వెనక, పెద్ద పెద్ద ఆఫీసర్ల చెంబుల ఎదుట, ఎప్పుడూ నా సుతి తెగలేదు. తెగకుండా పట్టుకోవడమే నా విద్య. అంతమంది ఊపిరిని నిలబెట్టాను. ఆమెతో కలిసి మళ్ళీ కొట్టం దగ్గరికి వెళ్ళి, నేల చూసి, శంఖం పెదాలకి ఆనించి మొదలుపెట్టాను. కొంచెం దూరం సుతి తెగకుండా పోయింది. గుంజ కదలకుండా పట్టుకున్నంతసేపు గొడ్డు ఎక్కడికీ పోదని అప్పుడు తట్టింది. ఆ ఆలోచన వచ్చాక బుగ్గల్లో గాలి నిలవలేదు. సుతి తెగిపోయింది.

చేలో ఏ శబ్దమూ లేదు. శంఖం పట్టుకుని నిలబడ్డాను. ఇన్నేళ్ళలో అంత నిశ్శబ్దం నేను వినలేదు. ఆసుపత్రి గేటు దగ్గర తప్ప.

అప్పుడు నా నడుముకి ఉన్న జేగంట మోగింది. ఆమె కొట్టింది. దాని వరస ఆమెకి తెలియదు. గానుగ దగ్గర పనోళ్ళని అన్నానికి పిలవడానికి పళ్ళెం మీద కొట్టినట్టు, దడదడా కొట్టింది. అది తప్పు. గట్టు మీద దాసరి నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు.

గాలి తీసుకుని మళ్ళీ ఊదాను. మళ్ళీ తెగింది. తెగిన చోటల్లా ఆమె కొట్టింది. అలా తెగుతూ, అతుకుతూ, ఇద్దరం కలిసి ఆయన్ని చేను అంచుదాకా పంపించాం.